జానెడు మీద రెండు వేళ్లు

ఆ పాయింట్లు పోగుపడటానికి తొమ్మిదేళ్లు పట్టింది. అతను లిఫ్ట్ మెకానిక్. ఎక్కడ లిఫ్ట్ మొరాయించిందని కబురొస్తే అక్కడికి బస్సెక్కి వెళ్లడం, పని తెమిలేదాకా ఆ ఊళ్లోనే ఉండిపోవడం అతని ఉద్యోగం. గది అద్దె కంపెనీ కట్టేది. కంపెనీతో ఒప్పందం ఉన్న హోటళ్లన్నీ ఒకే సంస్థవి. చాలావరకు బస్టాండ్ల పక్కన ఉండే చిన్న హోటళ్లు, ఫినాయిల్ వాసన కొట్టే గదులు. పడుకున్న ప్రతి రాత్రికీ అతని పేరున కొన్ని పాయింట్లు చేరేవి. వాటి సంగతి అతనెన్నడూ పట్టించుకోలేదు.

నెలాఖరులోగా వాడుకోకపోతే రద్దయిపోతాయని ఫోన్‌కి వచ్చిన మెసేజీని చూసింది భార్య.

"ఏమండీ, వీటితో ఏమిస్తారు?"

"ఏమో. గొడుగో, దుప్పటో ఇస్తారేమో."

ఆమె అంతటితో వదిలిపెట్టలేదు. రెండు సాయంత్రాలు ఫోన్ పట్టుకుని కూర్చుని, అదే సంస్థకి సముద్రం ఒడ్డున ఒక పెద్ద రిసార్ట్ ఉందనీ, ఆ పాయింట్లతో నలుగురికి మూడు రాత్రులు వస్తాయనీ తేల్చింది. ఆ నలుగురూ వాళ్లిద్దరూ, పదేళ్ల కూతురు, భార్య తల్లి. పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు. సముద్రాన్ని ఇంతవరకూ కేలండర్ మీద తప్ప చూళ్లేదు.

"నాకెందుకే ఈ వయసులో సముద్రం? ఏం, దాహమేసిందా?" అంటూనే ఆవిడ అందరికంటే ముందు సంచి సర్దుకుంది.

"ఆ పనిముట్ల బ్యాగు మాత్రం ఇంట్లో పెట్టేయండి. ఈ మూడు రోజులూ మీరు లిఫ్టాయన కాదు," అంది భార్య. అతను తల ఊపాడు. ఊపి, లిఫ్ట్ తలుపులు బయటినుంచి తెరిచే మూడు పలకల తాళంచెవిని మాత్రం షేవింగ్ డబ్బాలో పడేసుకున్నాడు. అది జేబులోనో దగ్గర్లోనో లేకపోతే ఒంటిమీద బట్ట లేనట్టుంటుంది అతనికి.

రిసార్ట్ గేటు నుంచి రిసెప్షన్ దాకా వెళ్లడానికే బ్యాటరీ బండి ఎక్కాల్సి వచ్చింది. అంత పెద్దది. రెండు తొమ్మిదంతస్తుల భవనాలు: రోడ్డు వైపు ఉన్నది తోట బ్లాకు, ఇసుక మీదికంటా ఉన్నది సముద్రం బ్లాకు. రిసెప్షన్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసి లేచి నిలబడింది.

"మీరు మా దగ్గర ఆరువందల పద్నాలుగు రాత్రులు గడిపారు సార్! మాకెంత గర్వంగా ఉందో!"

అతనికి సిగ్గేసింది. భార్య మాత్రం "ఆరువందల పద్నాలుగా?" అని మెల్లగా అడిగి ఊరుకుంది.

వాళ్లకి సముద్రం బ్లాకులో ఏడో అంతస్తు ఇచ్చారు. లిఫ్ట్‌లో అద్దాలు, మెత్తటి సంగీతం. అయిదో అంతస్తు దాటింది. ఆరు దగ్గర అతని తల దానంతటదే పక్కకి తిరిగింది. గోడ అవతల ఇనుము ఇనుముని రాసుకుంటున్న చప్పుడు. ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు సన్నగా ఉంది. ఏడు దగ్గర ఆగేముందు పెట్టె చిన్న కుదుపు కుదిపింది.

"ఏంటి?" అంది భార్య.

"ఏం లేదు."

"మీ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇక్కడ కూడానా?"

అతను నవ్వేశాడు. గది బాగుంది. మంచం మీద తువ్వాలుని హంసలా మడిచి పెట్టారు. బాల్కనీ అద్దం తలుపుని తెరవడానికి అతను భుజం పెట్టి నెట్టాల్సి వచ్చింది. తెరవగానే ఎదురుగా సముద్రం. పెద్దావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. చాలాసేపటికి, "దీనికి మూత లేదుటే?" అంది. అందరూ పడీ పడీ నవ్వారు.

స్నానం చేసొచ్చిన భార్య విసుక్కుంది. "ఇంత హోటలు కట్టారు, బాత్రూమ్ వాటం చూసుకోలేదు. నీళ్లన్నీ జాలీలోకి పోకుండా అటు మూలకి చేరుతున్నాయి."

"ఏ మూలకి?"

"అదిగో, సముద్రం వైపు."

అతను వెళ్లి చూశాడు. నేల పరిచినవాడు జాలీ వైపే వాటం ఇచ్చాడు. పలకల మధ్య గీతలు చూస్తే తెలుస్తూనే ఉంది. నీళ్లు మాత్రం ఆ వాటానికి ఎదురెక్కి అవతలి మూలన నిలబడి ఉన్నాయి.

మధ్యాహ్నం అందరూ ఒడ్డుకి వెళ్లారు. ఒడ్డంటూ పెద్దగా మిగల్లేదు. హోటల్ నుంచి ఇసుకలోకి దిగే మెట్లు సగంలో విరిగి గాల్లో ఆగిపోయాయి. గోడ పొడవునా ఇసుక మూటలు పేర్చి, వాటిమీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. ఒక్కచోట మాత్రం నల్లటి మెత్తటి ఇసుక దిబ్బలా పోసి ఉంది. పిల్లలందరూ అక్కడే చేరారు. కూతురు కూడా పరుగెత్తింది.

"నాన్నా, ఈ ఇసుక చూడు, పిండిలా ఉంది! ఇల్లు కడితే అస్సలు పడిపోదు."

దిబ్బ వెనకాల, భవనం కింది నుంచి చెయ్యంత లావు రబ్బరు గొట్టం ఒకటి బయటికి వచ్చి ఉంది. అందులోంచి బూడిదరంగు నీళ్లు ధారగా పడుతున్నాయి. అతను దోసిలి పట్టాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి. అరచేతిలో చారెడు నల్ల ఇసుక మిగిలింది.

సముద్రం బ్లాకు కింది అంతస్తులో లిఫ్ట్ ముందు పసుపు బోర్డు పెట్టి ఒక పెద్దాయన పని చేస్తున్నాడు. అరవై దగ్గర పడి ఉంటాయి. మోకాళ్ల మీద కూర్చుని, గడప పట్టీని ఆకురాయితో రాస్తున్నాడు. అక్కడి పనివాళ్లంతా ఆయన్ని పానా అని పిలుస్తున్నారు. నడుముకి ఎప్పుడూ పానా వేలాడుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందట. అసలు పేరు ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

అతను పక్కన గొంతుకూర్చున్నాడు. "ఆరుకీ ఏడుకీ మధ్య రాసుకుంటోంది పెద్దాయనా."

పానా తలెత్తకుండానే, "గెస్టులకి వినపడదే అది," అన్నాడు.

"నేనూ ఈ పనోణ్ణే."

అప్పుడు తలెత్తి చూశాడు. ముందు చేతుల్ని చూసి, ఆ తర్వాతే మొహం చూశాడు. "పట్టాలు జరుగుతున్నాయి బాబూ. ఈ ఏడాదిలో మూడుసార్లు సరిచేశాను. కింద పలకముక్కలు పెట్టి బిగిస్తాను, నెలన్నరకి మళ్లీ మొదలు."

లిఫ్ట్ పెట్టెకి అటూ ఇటూ కిందినుంచి పైదాకా రెండు ఇనుప పట్టాలుంటాయి. వాటిని గోడకి బిగిస్తారు. గోడ నిట్టనిలువుగా ఉన్నంతకాలం అవీ ఉంటాయి.

"పట్టాలు కాదు పెద్దాయనా," అన్నాడతను. "గోడ."

పానా ఆకురాయి కింద పెట్టాడు. అటూ ఇటూ చూసి, "తెలుసు," అన్నాడు.

"తెలిసి ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు. చెప్పాను. రాసుకున్నారు. మళ్లీ చెప్పాను, మళ్లీ రాసుకున్నారు." ఆయన గొంతులో కోపం లేదు. "కింద సెల్లార్‌లోకి సముద్రం ఊరుతోంది. రాత్రీ పగలూ తోడుతూనే ఉన్నాం. నీళ్లొక్కటే వస్తే బాధ లేదు. ఇసుక కూడా వచ్చేస్తోంది. ఆ ఇసుక మీదే కదా ఇదంతా నిలబడింది?"

"పంపు ఆపేస్తే?"

"ఆపితే కరెంటు గది మునుగుతుంది. బ్లాకు మూసేయాలి. మూసే ధైర్యం ఎవరికుంది?"

అతను లేచి బయటికి నడిచాడు. ఒడ్డున గాలాలు అమ్మే దుకాణంలో గాలపు దారం ఒక ఉండ కొన్నాడు. తొమ్మిదో అంతస్తుకి వెళ్లి, మెట్ల మధ్య ఖాళీ జాగాలో ఆ దారం వదిలాడు. చివర నీళ్లు నింపిన సీసా కట్టాడు. పైన కమ్మీకి ఆనించి కట్టిన దారం కింద కూడా అదే కమ్మీకి ఆనుకోవాలి. కిందికి దిగొచ్చి చూశాడు. సీసా ఊగుతోంది. అది ఆగేదాకా, పావుగంట, మెట్టు మీద కూర్చున్నాడు. ఆగాక చెయ్యి చాపి కొలిచాడు. దారానికీ కమ్మీకీ మధ్య సరిగ్గా జానెడు. సముద్రం వైపే.

డ్యూటీ మేనేజరు ముప్పై అయిదేళ్ల మనిషి. కళ్ల కింద నల్లటి చారలు. ఆమె అతని మాట మధ్యలో అడ్డురాకుండా మొత్తం విన్నది.

"మీరు ఇంజనీరా సార్?"

"కాదమ్మా, మెకానిక్‌ని."

"పదిహేనో తారీఖున నిపుణులు వస్తున్నారు సార్. అన్ని పరీక్షలూ చేస్తారు. ఈలోగా మీకు కలిగిన అసౌకర్యానికి..." ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది. "మీరు వాడిన పాయింట్లు వెనక్కి వేస్తాను. అదనంగా అంతే ఇస్తాను. పైన తొమ్మిదిలో మూల సూట్ ఖాళీగా ఉంది. రెండు వైపులా సముద్రం."

"అమ్మా, నేను బేరానికి రాలేదు. అందర్నీ కిందికి దించండి."

"ఒక దారం, ఒక సీసా చూపించి మూడువందల మందిని ఖాళీ చేయించమంటారా?" ఆమె గొంతు తగ్గించింది. "రేపు మధ్యాహ్నానికి రిటైరైన టీచర్ల సంఘం వస్తోంది. అయిదు బస్సులు. ఈ బ్లాకులో మిగిలిన గదులన్నీ వాళ్లకే. నన్నేం చేయమంటారు, చెప్పండి?"

అది వెటకారంగా అడిగిందో, నిజంగానే అడిగిందో అతనికి అర్థం కాలేదు.

గదికొచ్చి భార్యతో అంతా చెప్పాడు. కూతురు బాల్కనీలో అమ్మమ్మకి గవ్వలు చూపిస్తోంది. భార్య మంచం అంచున కూర్చుని వింది. విని, లేచి, చేతిలో మడతపెడుతున్న చీరని మంచం మీద పడేసింది.

"ఆరువందల పద్నాలుగు రాత్రులండీ. ఆ అమ్మాయి చెప్పేదాకా నాకూ తెలీదు ఎన్నో. దానికి జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగినవి, గ్యాస్ అయిపోయి పక్కింట్లో అడిగినవి, వీధి తలుపు చప్పుడైతే మేలుకుని కూర్చున్నవి, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పాయింట్లు మీవి అనుకుంటున్నారేమో. నావి. మూడు రోజులు, మూడంటే మూడు రోజులు నాకు సముద్రం కావాలి. అది కూడా లిఫ్ట్ చప్పుడు వింటూనేనా?"

ఆమె అన్నదాంట్లో అబద్ధమేదీ లేదు.

బాల్కనీలోంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "ఇంట్లో కుర్చీ కాలు కాస్త కుంటితేనే అల్లుడుగారు కూర్చోరు, మనల్నీ కూర్చోనివ్వరు. ఆయన చెప్తున్నారంటే ఏదో ఉందే. సముద్రం ఎటు నుంచి చూసినా సముద్రమే. పద."

భార్య కళ్లు తుడుచుకుని చీర మళ్లీ మడతపెట్టింది. సాయంత్రానికి వాళ్లు తోట బ్లాకులో కింది అంతస్తుకి మారారు. అక్కడ కిటికీలోంచి కార్లు నిలిపే స్థలం కనిపించేది.

మర్నాడు పొద్దున్నే అతను మెట్ల దగ్గరికి వెళ్లాడు. దారం అలాగే ఉంది. సీసా కదలకుండా నిలబడి ఉంది. బొటనవేలు కమ్మీకి ఆనించి చిటికెనవేలు చాపాడు. వేలు దారాన్ని అందుకోలేదు. మధ్యలో ఇంకా ఖాళీ ఉంది. రెండో చేతి వేళ్లు అడ్డం పెట్టి చూశాడు. జానెడు మీద రెండు వేళ్లు.

చెయ్యి సరిగ్గా పెట్టలేదేమోనని మళ్లీ కొలిచాడు. అంతే వచ్చింది. ఏడాదిలో జానెడు వంగిన భవనం ఒక్క రాత్రిలో రెండు వేళ్లు వంగింది.

టిఫిన్ హాల్లో ఎనిమిదో అంతస్తులో ఉంటున్న ఒకాయనకి చెప్పి చూశాడు. ఆయన బట్టల వ్యాపారి. ప్లేటులోంచి తలెత్తకుండా, "పగులేదీ? ఒక్క పగులు చూపించండి, ఇప్పుడే దిగిపోతాను," అన్నాడు. చూపించడానికి పగుళ్లు లేవు. గోడలకి కొత్తగా రంగేశారు. రిసెప్షన్‌కి వెళితే మేనేజరు మీటింగులో ఉందన్నారు. పానా కోసం వెతికితే సెల్లార్‌లో ఉన్నాడన్నారు. పది గంటలైంది. బస్సులు పన్నెండుకి.

అప్పుడు అతను లిఫ్ట్ ఎక్కి తొమ్మిదికి వెళ్లాడు. అక్కడినుంచి మెట్ల మీదుగా పైకప్పు మీదికి వెళ్లాడు. మెషిన్ రూమ్ తలుపు గడియ పడలేదు. చట్రం వంకరపోయి చాలా రోజులై ఉండాలి. ఇరవై రెండేళ్లుగా ఆగిన లిఫ్టుల్ని నడిపించడం తప్ప, నడిచేదాన్ని ఆపడం అతనెరగడు. మళ్లీ తొమ్మిదికి దిగి రెండు లిఫ్టుల్నీ అక్కడికి పిలిచి, మూడు పలకల తాళంచెవితో తలుపులు తెరిచి, లోపల ఎవరూ లేరని కళ్లారా చూసుకున్నాడు. పైకి వెళ్లి మెయిన్ దించాడు. ఆరు ఫ్యూజులు ఊడదీసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. గోడల్లో రొద ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, కింద ఎక్కడో, చాలా లోతున, పంపు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

మెట్లు దిగుతూ ప్రతి అంతస్తులోనూ తలుపులు కొట్టాడు. "లిఫ్టులు పోయాయండీ, సాయంత్రం దాకా రావు. ఇప్పుడే దిగితే మంచిది," అన్నాడు. కూలిపోతుందంటే కదలని జనం, లిఫ్ట్ లేదనేసరికి తిట్టుకుంటూ బయల్దేరారు. ఎనిమిదిలో నడవలేని ముసలాయన్ని నలుగురు పనివాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి దించారు. ఆయన దారిపొడవునా హోటల్ వాళ్లని, వాళ్ల తాతల్ని తిడుతూనే ఉన్నాడు. బట్టల వ్యాపారి తన పెట్టెలు తనే మోసుకుంటూ, అతన్ని చూసి కూడా గుర్తుపట్టనట్టు వెళ్లిపోయాడు.

పన్నెండున్నరకి టీచర్లు దిగారు. అందరూ అరవై దాటినవాళ్లే. మెట్లెక్కమంటే ఒక్కరూ ఎక్కలేదు. "గదులు చూపిస్తారా, మోకాళ్లు మార్పిస్తారా?" అని ఒకావిడ రిసెప్షన్‌లో కేకలేసింది. వాళ్లని తోట బ్లాకు హాల్లో కూర్చోబెట్టి భోజనాలు పెట్టారు.

ఒంటిగంటకి పానా అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. అతను ఇసుక మూటల పక్కన నిలబడి, కూతుర్ని ఆ నల్ల ఇసుక దగ్గరికి వెళ్లొద్దని కేకలేస్తున్నాడు. పానా బట్టలు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. చెయ్యి చాపాడు.

"ఇచ్చేయండి బాబూ."

"ఏవి?"

"ఊళ్లో ఇంకెవరు తీస్తారు వాటిని, అంత శుభ్రంగా?"

"సముద్రంలో పడేశాను," అన్నాడతను.

పానా ఒక్క క్షణం అతన్ని కిందా మీదా చూశాడు. మీసాల్లో నవ్వులాంటిదేదో మెదిలింది. "సరే. స్టోర్‌లో పాతవి ఉండాలి. వెతకాలి. నా కళ్లు అంతంతమాత్రం. సాయంత్రం అయినా అవుతుంది."

"పెద్దాయనా, లోపలికి వెళ్లకండి. పొద్దున కొలిచాను. రాత్రికి రాత్రి రెండు వేళ్లు పెరిగింది."

ఆ మాటకి పానా మొహంలో నవ్వు పోయింది. రెండు వేళ్లూ ఎత్తి తనే చూసుకున్నాడు. "రెండా?" అన్నాడు. కాసేపు గొట్టంలోంచి పడుతున్న బూడిద నీళ్లకేసి చూశాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి సముద్రం బ్లాకు వైపే నడిచాడు. అతను రెండడుగులు వెంట వెళ్లాడు. మరో అడుగు పడేలోపు సెక్యూరిటీ వాళ్లిద్దరు ఎదురొచ్చి చెరో చెయ్యీ పట్టుకున్నారు.

గేటు పక్కన వాళ్ల గది. అందులో కూర్చోబెట్టారు. జేబులు తడిమి ఫ్యూజులు బల్ల మీద వరసగా పెట్టారు. మేనేజరు వచ్చింది. వాటిని చూసి, "ఏం చేశారో మీకు తెలుస్తోందా? మీ మీద కేసవుతుంది," అంది. ఆమె పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"పెట్టుకోండమ్మా. ముందు ఆ పెద్దాయన్ని బయటికి పిలవండి. ఇంకా కింది అంతస్తుల్లో ఎవరున్నారో వాళ్లని కూడా."

"పిలిచాను. ఫోన్ కలవడం లేదు. సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు."

"అయితే మనిషిని పంపండి."

ఆమె కదల్లేదు. గుమ్మం దగ్గర అతని భార్య సెక్యూరిటీ మనిషితో వాదులాడుతోంది. "మా ఆయన్ని దొంగలా కూర్చోబెడతారా? తొమ్మిదేళ్లు మీ చెత్త గదుల్లో పడుకున్నాడాయన!" నిన్నటి ఏడుపు ఎక్కడా లేదు ఆ గొంతులో.

మూడు దాటింది. మేనేజరు ఫ్యూజుల్లో ఒకటి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టింది. ఆమె లేచి రేడియోలో, "సముద్రం బ్లాకులో ఎవరున్నా బయటికి తీసుకురండి. అందర్నీ. అవును, నేనే చెబుతున్నాను," అంది.

ఆ మాట అన్నాక ఇరవై నిమిషాలు గడిచాయి. ముందు చప్పుడొచ్చింది. లారీలోంచి కంకర దించుతున్నట్టు మొదలై, ఎంతకీ ఆగలేదు. కాళ్ల కింద నేల మెత్తబడినట్టయింది. ఆ తర్వాత తెల్లటి దుమ్ము, కిటికీలు కనబడకుండా. ఆఖరున, ఏ చప్పుడూ లేని ఒక్క క్షణం. వెంటనే అరుపులు.

సముద్రం బ్లాకులో సగం, నీళ్ల వైపు సగం, ఒక అంతస్తు లోతున కిందికి దిగి ముందుకి ఒరిగిపోయింది. ఏడో అంతస్తు బాల్కనీలు ఇసుక మూటల మీద పడి ఉన్నాయి. రోడ్డు వైపు సగం నిలబడే ఉంది. అందులోంచి ఒళ్లంతా దుమ్ముతో పదకొండుమంది బయటికొచ్చారు. దెబ్బలు తగిలాయి, ఎముకలు విరిగాయి, అయినా నడుచుకుంటూనో మోయించుకునో వచ్చారు. అతను భార్యని పట్టుకుని అడిగిన మొదటి మాట, "పాప?" ఆమె వేలు చూపించింది. అమ్మమ్మ ఒళ్లో, తోట బ్లాకు మెట్ల మీద, పాప చెవులు రెండూ మూసుకుని కూర్చుని ఉంది.

పానా దొరికింది మూడో రోజున. సెల్లార్ మెట్ల మలుపు దగ్గర. ఆ మెట్లమీంచి ఒక దారి పంపు దగ్గరికి పోతుంది, ఇంకో దారి స్టోర్‌కి పోతుంది. సెల్లార్ నిండా నీళ్లు, ఇసుక. ఆయన ఎటు వెళుతున్నాడో, ఏం చేసి వస్తున్నాడో ఎవరూ చెప్పలేకపోయారు.

విచారణ ఎనిమిది నెలలు సాగింది. ఒక అతిథి యంత్రాల్లో చెయ్యి పెట్టాడని, ఆ తర్వాతే ప్రమాదం జరిగిందని యాజమాన్యం తరఫు వకీలు పదేపదే అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే వినేవాళ్లకి సబబుగా కూడా అనిపించింది. కంపెనీ అతన్ని పనిలోంచి తప్పించింది. పేపర్లో అతని ఫొటో వేసి కింద ప్రశ్నార్థకం పెట్టారు. కూతుర్ని బళ్లో ఎవరో ఏదో అంటే, అది ఇంటికొచ్చి ఏమీ చెప్పకుండా పడుకుంది.

ఆఖరికి మేనేజరు బోనెక్కింది. అతను తనకి ముందురోజే చెప్పాడని, ఎంత వంగిందో కొలత కూడా చెప్పాడని, తను పై వాళ్లకి అయిదు ఉత్తరాలు రాశానని చెప్పి, నకళ్లు బల్ల మీద పెట్టింది. "నేను ఆ రోజు అతనికి ఇంకో గది ఇస్తానన్నాను. తొమ్మిదో అంతస్తులో," అని ఆగిపోయింది. జడ్జి నీళ్లు ఇప్పించాల్సి వచ్చింది. అతన్ని వదిలేశారు. బయట వరండాలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఒకరికొకరు దారిచ్చి పక్కకి తప్పుకున్నారు.

ఆ మర్నాడే అతను పానా ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. "నేనూ వస్తాను," అంది భార్య. "వద్దు, ఇది నేనొక్కణ్ణే చెప్పుకోవాలి," అన్నాడు.

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పానా భార్య సన్నగా, ఎత్తుగా ఉంది. తనెవరో చెప్పగానే గుర్తుపట్టింది. కుర్చీ జరిపింది. అతను కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు ఆయన వచ్చి ఫ్యూజులు ఇమ్మని అడిగారు. సముద్రంలో పడేశానన్నాను. అబద్ధం. నా జేబులోనే ఉన్నాయి. ఉన్నాయని చెప్పుంటే ఆయన వెతుక్కుంటూ కిందికి వెళ్లేవారు కాదు. ఇచ్చేస్తే ఆ ముసలివాళ్లందర్నీ పైకి ఎక్కించేవారు. ఏం చేసుంటే బాగుండేదో ఎనిమిది నెలలుగా ఆలోచిస్తున్నాను. ఇప్పటికీ తెలీడం లేదు. ఆ అబద్ధం మాత్రం మీతో చెప్పకుండా ఉండలేకపోయాను."

ఆవిడ చాలాసేపు అతనికేసి చూసింది. కోపంతో చూసిన చూపు కాదు. ఎంత చెప్పాలో తూచుకుంటున్నట్టుంది.

"ఆయన నాకు ఫోన్ చేశారు," అంది. "ఒంటిగంట దాటాక. ఇక్కడో లిఫ్టాయన వచ్చాడే, జేబు ఇంతెత్తున ఉబ్బించుకుని సముద్రంలో పడేశానంటున్నాడు, అబద్ధమాడటం కూడా రాదు పాపం అని నవ్వారు."

అతను కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"పంపు కట్టేసి వస్తానన్నారు. నాలుగు నెలలుగా కట్టాలనుకుంటున్నాను, ఇవాళ గెస్టులు దిగిపోయారు, ఎవరూ అడిగేవాళ్లు లేరు అన్నారు. కోర్టులో ఎందుకు చెప్పలేదంటారేమో. ఆయనే పంపు ఆపబట్టి కూలిందని అనరూ వాళ్లు? పోయినవాడి మీద వేయడం ఎంత తేలిక!" ఆవిడ పైటకొంగు సర్దుకుంది. "మీకు చెప్పాలనే ఉంది. మీరొస్తారని కూడా తెలుసు. అయినా ఎనిమిది నెలలు మీరు ఆ బరువు మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. అది నా తప్పు."

"తప్పు కాదమ్మా."

"కూర్చోండి."

అతను కూర్చున్నాడు. "ఇంకేమైనా అన్నారా ఆయన?" అని అడిగాడు.

"సాయంత్రం ఆలస్యమైతే తలుపు గడియ పెట్టుకోకు అన్నారు," అంది ఆవిడ. మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడైంది. గ్లాసు నిండిపోయాక కూడా చాలాసేపు ఆ నీళ్లు పడుతూనే ఉన్నాయి.